కారకం లేదు

112వ రోజు

పొద్దున్నే గుమ్మం ముందు తొట్టిలో క్లోరిన్ నీళ్ళు మార్చాను. సముద్రం వైపు గోడ మళ్ళీ చెమర్చింది. నమూనాలు పరీక్షించే పెట్టె కింద పరిచిన గుడ్డ పిండి ఆరేశాను. సముద్రపు నీళ్ళు బయటికి తోడే పంపులు మామూలుగానే మోగుతున్నాయి. అవి మోగుతున్నంతసేపూ మేం బతికున్నట్టే.

ఈ పుస్తకం రాయడం నా ఉద్యోగంలో భాగం. పెట్టె చెప్పింది పెట్టెలో ఉంటుంది, మనిషి చూసింది ఇందులో ఉండాలని నియమం. మనిషి చూసింది ఎవరూ చదవరు కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను. నా పేరు పైడమ్మ. కరకట్ట గోడ లోపల జనం కాపురముండే ఖానాల్లో తొమ్మిదో దానికి నమూనాలు తీసే మనిషిని. డాక్టర్ని కాను. డాక్టరు ఒడ్డున ఉంటాడు, మేము కట్ట లోపల ఉంటాం.

ఇవాళ వచ్చింది ఒక్క మనిషే. పంపుల దగ్గర పనిచేసే బంగారమ్మ. కింద పుండు లేచి ఎనిమిది రోజులట. నొప్పి లేదట. తొట్టి దగ్గర నిలబడి ఒళ్ళు కడుక్కుంది, నాలుగు చెంబులు పుండు మీద పోసుకుని నురగ వచ్చేలా రుద్దుకుంది, తడి జుట్టుతో లోపలికి వచ్చి బల్ల మీద పడుకుంది. పద్ధతి తెలిసిన మనిషి. దూదిపుల్లతో పుండు అంచు రుద్ది పెట్టెలో పెట్టాను. నలభై నిమిషాల తర్వాత పెట్టె చెప్పింది: కారకం లేదు. క్రిమి పేరు దొరకలేదు కాబట్టి దాని మందు సొరుగు తెరుచుకోలేదు.

ఈ నెలలో ఇలాంటి పుండు ఇది ఆరోది. ఆరింటికీ పెట్టె అదే మాట అంది.

119వ రోజు

ఇవాళ పెట్టె పనిచేసింది. చేపల వలలు కుట్టే కుర్రవాడికి కింద చిన్న చిన్న పొక్కులు, మంట, ఒంటేలుకి వెళ్తే ఏడుపు. పొక్కు చిదిమి లోపలి నీటిని దూదికి అద్దాను. హెర్పిస్ అని పేరు వచ్చింది, సొరుగు తెరుచుకుంది, మాత్రలు వచ్చాయి. అంటే పెట్టె చెడిపోలేదు.

ఈ సంగతి ఖానా పెద్ద సన్యాసిరావుకి చెప్పడం నాదే పొరపాటు. పెట్టె బాగుంది, పుండ్లలో కారకం లేదంది, కాబట్టి అది జబ్బు కాదు, ఉప్పు గాలికి ఒరుసుకుని లేచే పుండు అని మధ్యాహ్నానికల్లా మైకులో చెప్పేశాడు. ఉప్పు పుండు అని పేరు కూడా పెట్టాడు. జనం ఊపిరి పీల్చుకున్నారు. భార్యాభర్తలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడానికి ఇబ్బంది పడే జబ్బుకి అంత మర్యాదైన పేరు దొరికితే ఎవరు కాదంటారు.

నా దగ్గర పాత అచ్చు కాగితం ఒకటి ఉంది. కింద లేచే పుండ్ల బొమ్మలు, పక్కన పేర్లు. నొప్పి ఉండి చీము పట్టి మెత్తగా ఉంటే షాంక్రాయిడ్. నొప్పి లేకుండా, అంచు గట్టిగా, అడుగు శుభ్రంగా, గజ్జల్లో బిళ్ళలు కడితే సిఫిలిస్. పెద్దవాళ్ళు సవాయి అనేవారు. నేను చూసిన ఆరు పుండ్లూ ఆ రెండో బొమ్మలాగే ఉన్నాయి. కానీ కంటితో చూసి చెప్పింది ఇక్కడ చెల్లదు.

ఎందుకు చెల్లదో నాకు తెలుసు. మా అమ్మమ్మ కాలంలో మందులు ఊహించి ఇచ్చేవారు. ఏ పుండుకైనా అదే సూది, ఏ దగ్గుకైనా అదే మాత్ర. చివరికి క్రిములు ఏ మందునీ లెక్కచేయడం మానేశాయి. అమ్మమ్మ కాలి గోరు దగ్గర తగిలిన గాయంతో చచ్చిపోయింది. అందుకే పేరు దొరికాకే మందు అనే నియమం వచ్చింది. పదకొండేళ్ళుగా నేను ఆ నియమం తప్పలేదు.

127వ రోజు

చిన్నమ్ములు వచ్చింది.

నా చెల్లెలు. అమ్మ పోయాక నేనే పెంచాను. జడ వేసింది నేనే, చెంప మీద కొట్టిందీ నేనే. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి ఇప్పుడు కడుపుతో ఉంది. అయిదో నెల. కబుర్లాడడానికి వచ్చిందనుకుని అల్లం టీ పెట్టబోయాను. తలుపు వేసి, గోడ వైపు తిరిగి, కింద ఏదో లేచిందని చెప్పింది.

కడుక్కున్నావా అని అడిగాను. ముందుగా నా నోట్లోంచి వచ్చిన మాట అదే. ఒకసారి కడుక్కున్నానంది. సొంత చెల్లెలని వదిలేస్తే జనం ఏమనుకుంటారని మరోసారి కడుక్కోమని పంపాను. కడుపుతో వంగలేకపోతుంటే చెంబుతో నేనే పోశాను.

పుండు వేలి గోరంత. అంచు గట్టిగా ఉంది. నొప్పి లేదు. గజ్జల్లో రెండు వైపులా బిళ్ళలు. దూదిపుల్లతో అంచు రుద్ది పెట్టెలో పెట్టాను.

కారకం లేదు.

చిన్నమ్ములు నవ్వింది. పిల్లకేం కాదుగదా అని మూడుసార్లు అడిగింది. పెట్టె ఏమీ లేదంటోందని మూడుసార్లు చెప్పాను. ఆ కాగితంలో రెండో బొమ్మ కింద, గర్భిణి అయితే వెంటనే సూది వేయాలని, లేకపోతే బిడ్డ దక్కదని చిన్న అక్షరాల్లో రాసి ఉంది. అది చెప్పలేదు.

128వ రోజు

సన్యాసిరావు దగ్గరికి కాగితం పట్టుకెళ్ళాను. బొమ్మ చూపించాను. ఆయన బొమ్మ చూడకుండా నన్ను చూశాడు. పెట్టె కన్నా నీకు ఎక్కువ తెలుసా అన్నాడు. నేనూ పదకొండేళ్ళుగా జనానికి ఇదే మాట చెప్పాను. కాగితం మడిచి వచ్చేశాను.

రక్తం పరీక్ష చేసే గొట్టాలు మూడేళ్ళ కిందటే అయిపోయాయి. ఒడ్డు నుంచి ఈ పడవలో వస్తాయి, ఆ పడవలో వస్తాయి అంటారు. పడవల్లో సిమెంటు వస్తుంది. కట్ట ముందు, కట్టలో మనుషులు తర్వాత.

141వ రోజు

చిన్నమ్ములు పుండు మానిపోయింది. మచ్చ కూడా లేదు. తనే వచ్చి చూపించింది. దాని మొగుడు సూరప్పడు సాయంత్రం చేపల పులుసు పంపించాడు. తనకీ రెండు నెలల కింద అలాంటిదే లేచి దానంతటదే మానిందని, ఊరికే బెంగపడ్డామని, వదినకి చెప్పమన్నాడట.

పులుసు తిన్నాను. చాలా బాగుంది. నాకెంత సంతోషం వేసిందంటే ఆ కాగితం తీసి సొరుగు అడుక్కి తోసేశాను. సన్యాసిరావు చెప్పిందే నిజమైతే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకున్నాను. వెనక వైపు తిప్పి చూడలేదు.

163వ రోజు

చిన్నమ్ములు అరచేతుల్లో రాగి రంగు మచ్చలు. దురద లేదు, దూదికి అంటడానికి తడి లేదు. వలతాడు ఒరుసుకుందేమో అంది. తాడు పట్టుకుని నెల దాటింది కదా అన్నాను.

కాగితం బయటికి తీసి వెనక వైపు చదివాను. పుండు మానడం జబ్బు తగ్గడం కాదని, లోపలికి వెళ్ళడమని, ఆ తర్వాత అరచేతుల్లో ఇలాంటి మచ్చలు లేస్తాయని రాసి ఉంది.

170వ రోజు

ఇది వివరంగా రాస్తాను.

సముద్రం వైపు గోడకి అతుకులు వేస్తుంటే పలక జారి తాపీ మేస్త్రీ దేముళ్ళు కాలు మీద పడింది. నలుగురు మోసుకొచ్చారు. తొట్టి దాటి నేరుగా లోపలికి తీసుకొచ్చేశారు. కడగకుండా తెస్తారేమిటని కేకలేశాను. బతికుంటే కడుగుతాం అన్నాడు వాళ్ళలో ఒకడు. ఒంటి నిండా సిమెంటు, చెమట, రక్తం. లాగు కత్తిరిస్తే కింద పుండు కనిపించింది. అదే గట్టి అంచు. అలవాటు కొద్దీ దూదిపుల్ల తీసి రుద్ది పెట్టెలో పెట్టాను. తర్వాత కాలికి బద్దలు కడుతూ దాని సంగతే మరిచిపోయాను.

నలభై నిమిషాలకి పెట్టె గంట కొట్టింది. సిఫిలిస్ అంది. సొరుగు తెరుచుకుంది. అందులో పెన్సిలిన్ సీసా ఒకటి.

ఒక్క నిమిషం సంబరపడ్డాను. దొరికింది, నా కన్ను తప్పు కాదు అనుకున్నాను. ఆ తర్వాత దేముళ్ళుని చూశాను. మిగతావాళ్ళందరికీ రాని పేరు ఇతనికే ఎందుకు వచ్చిందని చూశాను. మురికిగా ఉన్నాడు, అంతే తేడా.

చెంబుతో క్లోరిన్ నీళ్ళు తెచ్చి అదే పుండు మీద పోసి, బంగారమ్మ రుద్దుకున్నట్టు రుద్దాను. మళ్ళీ దూదిపుల్ల పెట్టాను. మళ్ళీ నలభై నిమిషాలు. నా జీవితంలో అంత పొడుగైన నలభై నిమిషాలు లేవు.

కారకం లేదు.

పదకొండేళ్ళ కింద నా బల్ల మీంచే గజ్జి ఖానా అంతా పాకింది. పసిపిల్లల వేళ్ళ మధ్య కూడా కురుపులు లేచాయి. అప్పుడు ఈ తొట్టి పెట్టింది నేను. కడుక్కోనివారు గుమ్మం దాటరాదని బోర్డు రాసింది నేను. గజ్జి పోయింది, నాకు పేరొచ్చింది. దగ్గు నమూనా గొంతు లోపలిది, జ్వరం నమూనా రక్తంలోది, పొక్కు నమూనా పొక్కు లోపలిది. వాటిని తొట్టి ఏమీ చేయలేదు. పైకి తెరుచుకుని ఉండే పుండుని మాత్రం కడిగి, క్రిమి ఆనవాలు కూడా లేకుండా చేసి, అప్పుడు పెట్టెని అడిగాను. ఇరవై ఆరు మందిని అలా అడిగాను. ఇరవై ఆరు మందినీ ఏమీ లేదని ఇంటికి పంపాను.

సీసా చేతిలో ఉంది. చిన్నమ్ములు గది ఇక్కడికి నాలుగు తలుపుల అవతల. దేముళ్ళు స్పృహలో లేడు. ఎవరూ చూడటం లేదు. ఒక సీసా ఒక మనిషికే సరిపోతుంది.

దేముళ్ళుకే వేశాను. చెల్లెలి దగ్గర కడగని నమూనా తీస్తే రేపు దానికీ సొరుగు తెరుచుకుంటుందని నమ్మి వేశాను. దాని పుండు మానిపోయిందని, తీయడానికి ఏమీ లేదని వేశాక గుర్తొచ్చిందని రాయొచ్చు. అది అబద్ధం. వేసే ముందే గుర్తుంది. అయినా అతని పుండు, అతని పేరు, అతని మందు అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ అడిగితే ఏం చేస్తానో నాకు తెలియదు.

171వ రోజు

బోర్డు పీకేశాను. తొట్టి బోర్లించాను. ఇరవై ఆరు మంది ఇళ్ళకీ నేనే వెళ్ళాను. పుండు ఇంకా మానని వాళ్ళు తొమ్మిది మంది. తప్పు నాదని చెప్పాను, కడుక్కోకుండా రమ్మని చెప్పాను, దణ్ణం పెట్టి చెప్పాను. అందరూ తల ఊపారు.

సాయంత్రానికి ఏడుగురు వచ్చారు. ఏడుగురి ఒంటి మీదా క్లోరిన్ వాసన. ఇళ్ళ దగ్గర కడుక్కుని వచ్చారు. ఎందుకు కడుక్కున్నారని వాళ్ళకి తోడు వచ్చిన బంగారమ్మని అడిగాను.

"మరేటి సేత్తాం తల్లీ, ఆ సోటు సూపించడమే సిగ్గు. మురికితోటి సూపించమంటే ఎలాగ? నీ మొకం సూడొద్దా మేము?"

ఏడుగురికీ కారకం లేదు.

173వ రోజు

సన్యాసిరావు పిలిపించాడు. ఒక్క మేస్త్రీకి ఒక్కసారి వచ్చిన పేరుతో ఖానా మొత్తానికి రోగం అంటగడతావా అన్నాడు. తొట్టి తీసేస్తే గజ్జి మళ్ళీ రాదా అన్నాడు. రావచ్చు. ఆ మాట నిజం. తొట్టి మళ్ళీ నిలబెట్టించాడు. ఇద్దరు మనుషుల్ని కాపలా కూడా పెట్టాడు. నేను పెట్టిన నియమాన్ని నా నుంచే కాపాడడానికి కాపలా.

175వ రోజు

చిన్నమ్ములు నాలుక పక్కన తడిగా తెల్లటి మచ్చ లేచింది. ఇలాంటి మచ్చలో క్రిమి పుష్కలంగా ఉంటుందని కాగితంలో ఉంది. ఏడుపు, సంతోషం కలిసి వచ్చాయి. నోరు తెరవమన్నాను. తెరిచింది. క్లోరిన్ వాసన. అక్క దగ్గరికి వస్తున్నానని తొట్టి నీళ్ళు గుక్కెడు నోట్లో పోసుకుని పుక్కిలించి వచ్చిందట.

అయినా తీశాను. కారకం లేదు.

అప్పుడు దాన్ని కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. బిడ్డ సంగతి కూడా దాచలేదు. నాలుగు రోజులు ఒళ్ళు కడుక్కోవద్దు, నోరు పుక్కిలించొద్దు, మచ్చ మళ్ళీ పచ్చిగా అయ్యాక నేనే నీ గదికి వచ్చి తీస్తాను అన్నాను. చిన్నమ్ములు పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. నువ్వు ఎలా చెబితే అలాగే అంది. చిన్నప్పటి నుంచీ అదే మాట.

178వ రోజు

మూడు రోజులుగా అది నీళ్ళు ముట్టుకోలేదు. నడవలో ఆడవాళ్ళు దాన్ని చూసి పక్కకి తప్పుకుంటున్నారు. కడుపుతో ఉన్న మనిషి అంత మురికిగా ఉండడమేమిటని సూరప్పడి తల్లి మొహం మీదే అడిగిందట. కంచం వేరే పెట్టారట. దాన్ని చూస్తే నాకు గర్వంగా ఉంది. నేను బోర్డు రాసిన ఈ పదకొండేళ్ళలో ఖానాలో నా మాట నిజంగా అర్థం చేసుకుని విన్నది అదొక్కతే.

బిడ్డ కదలికలు తగ్గాయంది. రేపటికి నమూనా. అప్పటివరకూ ఊరుకోలేక, పొద్దున్నే మూడో ఖానాకి వెళ్ళి అక్కడున్న ఫోను తీగ మీద ఒడ్డు డాక్టరుతో మాట్లాడదామనుకుంటున్నాను. రానూ పోనూ పూట నడక. మధ్యాహ్నం దాటేసరికి వచ్చేస్తాను, వచ్చి తీస్తాను. ఎవరినీ ముట్టుకోనివ్వకని దానికి గట్టిగా చెప్పాను.

179వ రోజు

డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. కాగితంలో ఉన్నదీ, అరచేతుల మచ్చలూ, మేస్త్రీ సంగతీ, తొట్టి సంగతీ అన్నీ విన్నాడు.

"అమ్మా, మీరు చెప్పేది నిజమే అయి ఉంటుంది. కానీ నేను ఇక్కణ్ణుంచి సొరుగు తెరవలేను. ఆమె నమూనాలో పేరు రావాలి. త్వరగా తీయండి."

త్వరగానే వచ్చాను. చివరి ఖానా పరిగెత్తాను. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని, నడవలో జనం ఆగి చూశారు.

చిన్నమ్ములు గది ముందు నేల తడిగా ఉంది. క్లోరిన్ వాసన నడవ మొదట్లోనే తగిలింది. సూరప్పడి తల్లి ఎదురొచ్చింది. పొద్దు ఎక్కగానే నొప్పులు మొదలయ్యాయట. ఏడో నెలలోనే. బిడ్డ చనిపోయి పుట్టింది. ఆడపిల్ల. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ నా చేతులు పట్టుకుంది.

"నువ్వు నేవని మేవేం పద్దతి తప్పనేదమ్మా. కడక్కుండా దాన్ని ఎవలు ముడతారు? ముందు తల్లిని కడిగినాం, నోరూ వొళ్ళూ అన్నీ. పిల్లని మూడుపాలీలు కడిగీసినాం, నువ్వు సెప్పినట్టే. సుబ్బరంగా ఉన్నాది, ఎల్లి సూడు."

వెళ్ళి చూశాను. చాలా శుభ్రంగా ఉంది. వేళ్ళ మధ్య కూడా కడిగారు. అరికాళ్ళ చర్మం పొరలుగా ఊడి వస్తోంది. ముక్కు మా అమ్మ ముక్కు.

చిన్నమ్ములు గోడ వైపు తిరిగి పడుకుంది. నేనని తెలుసు.

"నాను కడుక్కోనేదప్పా. నాలుగు దినాలు. ఆల్లు కడిగేత్తంటే వొద్దనీసి అరిసినాను. ఎవులూ ఇననేదు."

నేను దాని తల నిమరబోయాను. చెయ్యి తోసేసింది.

180వ రోజు

అడగకుండానే బిడ్డ ముక్కులోంచి, అరికాలి పొరల కిందనుంచి, బొడ్డు దగ్గర నుంచి మూడు దూదిపుల్లలు తీశాను. మాయ అడిగాను. కడిగి, సున్నం వేసి, కట్ట బయటికి పంపేశామన్నారు.

మూడింటికీ కారకం లేదు.

చిన్నమ్ములు నాలుక మీది మచ్చ సన్నబడింది. ఇంకో రెండు రోజుల్లో పోతుంది. అది పోయాక ఈ జబ్బు ఎముకల్లోనో, గుండెలోనో, తలలోనో ఎన్నేళ్ళయినా కూర్చుంటుంది, అప్పుడు పుల్లకి చిక్కదు. పొద్దున రెండుసార్లు వెళ్ళాను. నోరు తెరవమని బతిమాలాను. నీ పుల్ల నాకొద్దని మొగుడి చేత చెప్పించింది. సూరప్పడు గుమ్మంలో నిలబడి, వదినా, వెళ్ళిపొండి అన్నాడు. అతను ఏడుస్తున్నాడు. నేను వచ్చేశాను.

చావు నమోదు చేయడం కూడా నా పనే. పెట్టెలో కారణం అనే గడి ఉంది. పెట్టె కనిపెట్టిన పేరు తప్ప అది ఇంకేదీ తీసుకోదు. సిఫిలిస్ అని నాలుగుసార్లు కొట్టాను, నాలుగుసార్లు చెరిపేసింది. చివరికి ఖాళీగా వదిలి బిడ్డ వివరాలు మూసేసింది.

అందుకని ఇక్కడ రాస్తున్నాను. పేరు పెట్టని ఆడపిల్ల, చిన్నమ్ములు, సూరప్పడు దంపతుల బిడ్డ, తొమ్మిదో ఖానా. కారణం: సిఫిలిస్. తల్లికి అయిదో నెలలో పుండు ఉండగా, మందు సొరుగులో ఉండగా, నమూనాను కడిగించి తీసిన మనిషి పైడమ్మ.

బయట ముగ్గురు కూర్చున్నారు. బంగారమ్మ తన అక్క కూతుర్ని తీసుకొచ్చింది. మిగతా ఇద్దరూ కొత్తవాళ్ళు, మగవాళ్ళు. చెల్లెలి బిడ్డ పోయిన ఇంటి మనిషి దగ్గరికి వస్తున్నామని నా మీద గౌరవంతో రోజూ కన్నా ఎక్కువసేపు తొట్టి దగ్గర నిలబడ్డారు. ముగ్గురి జుట్టూ తడిగా ఉంది. లోపలికి రమ్మన్నాను.